గ్రహం దొరికాక కూడా పక్క నక్షత్రం కోసం వెతుకులాట ఎందుకు?

ప్రశ్న: ఒక నక్షత్రం చుట్టూ గ్రహం ఉందని తేలాక కూడా, దాని పక్కన ఇంకో నక్షత్రం ఉందేమోనని మళ్ళీ వెతుకుతారట. గ్రహం దొరికింది కదండీ, ఇంకా ఎందుకు?

జవాబు: దొరికింది సరేనండీ, అది ఎంత సైజు గ్రహమో కరెక్టుగా చెప్పాలంటే ఈ వెతుకులాట తప్పదు. కెప్లర్ (2018లో పని ఆపేసింది), టెస్ లాంటి అంతరిక్ష టెలిస్కోపులు గ్రహాన్ని నేరుగా చూడవు, అది నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు వెలుగు ఎంత తగ్గిందో కొలుస్తాయి అంతే. టెస్ కెమెరాలో ఒక్కో పిక్సెల్ 21 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), అంటే నిండు చందమామ ఈ చివర నుంచి ఆ చివరకి 85 పిక్సెళ్ళే, అలాంటప్పుడు పక్కపక్కనే రెండు నక్షత్రాలుంటే కలిసిపోయి ఒకే చుక్కలా పడతాయి.

ఇప్పుడు లెక్క చూడండి. వెలుగు 1 శాతం తగ్గింది, నక్షత్రం ఒక్కటే అనుకుంటే గ్రహం వ్యాసం నక్షత్రంలో పదో వంతు. కానీ అక్కడ సమానంగా వెలిగేవి రెండున్నాయనుకోండి, వచ్చే వెలుగులో సగం పక్కదానిది, గ్రహం దానికి అడ్డమే రాలేదు, అంటే అసలు నక్షత్రం వెలుగు తగ్గింది 2 శాతం! వ్యాసం 1.4 రెట్లు, ఘనపరిమాణం 2.8 రెట్లు పెరిగిపోతుంది, బరువు మాత్రం అంతే కాబట్టి సాంద్రత మూడో వంతుకి పడిపోతుంది. రాతి గ్రహం అని సంబరపడింది కాస్తా గ్యాస్ గ్రహం అయి కూర్చోవచ్చు. అందుకే పక్క నక్షత్రం సంగతి తేలకుండా సైజు చెప్పేస్తే నాకు అస్సలు నమ్మకం కుదరదు.

వెతకడానికి అడాప్టివ్ ఆప్టిక్స్ వాడతారు, గాలి వల్ల వచ్చే వణుకుని అద్దం ఆకారం ఎప్పటికప్పుడు మార్చి సరిచేస్తారన్నమాట. అమెరికాలోని పాలోమార్ అబ్జర్వేటరీలో ఉన్న 1.5 మీటర్ల టెలిస్కోపు మీద రోబో-ఏఓ అనే సిస్టమ్ పెట్టి కెప్లర్ నక్షత్రాలని ఇలాగే వరసపెట్టి చూశారు.

అయితే పక్కన చుక్క కనిపించగానే రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జోడీ అనుకోకూడదు, ఎక్కడో వెనకాల చాలా దూరంలో ఉన్న నక్షత్రం అదే వరసలో పడి ఉండొచ్చు. కొన్నేళ్ళ తేడాతో తీసిన రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే, రెండు చుక్కలూ ఒకే వైపు ఒకే వేగంతో కదిలి ఉంటే జోడీ అయ్యే ఛాన్స్ బాగా ఎక్కువ, ఒకటే కదిలి ఇంకోటి అక్కడే ఉండిపోతే కాదు. నాకైతే ఈ మొత్తంలో బాగా నచ్చేది ఇదే. నక్షత్రాల దూరం, కదలిక కొలిచిన గయా అంతరిక్ష టెలిస్కోపు డేటా వచ్చాక కదలికతో పాటు దూరం కూడా పోల్చుకోవచ్చు, దూరంగా తిరిగే జోడీలు దీనితో బోలెడు బయటపడ్డాయి.

జోడీ ఉంటే గ్రహం కక్ష్య కూడా మారిపోవచ్చు. హెచ్‌డీ 80606 అనే నక్షత్రం చుట్టూ 2001లో దొరికిన గ్రహాన్నే తీసుకోండి, 111 రోజుల చుట్టులో ఒకసారి ఆ నక్షత్రానికి భూమి-సూర్యుడి మధ్య దూరంలో 3 శాతం దగ్గరికి దూసుకెళ్ళి, మళ్ళీ 88 శాతం దూరానికి పోతుంది. దాని కక్ష్యని అంతలా సాగదీసింది జోడీ నక్షత్రం హెచ్‌డీ 80607 గురుత్వాకర్షణే అని చాలామంది ఖగోళ శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు.