జూలీకి ఏం పెట్టాలన్నది తర్వాత, ముందు ఆ సగం మాత్ర ఆపండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా జూలీ ఆడ లాబ్రడార్. 13 ఏళ్లు నిండాయి. నిరుడు 31 కిలోలుండేది, ఇప్పుడు 26. నాలుగు నెలలుగా నీళ్లు విపరీతంగా తాగుతోంది. రాత్రిళ్లు పడుకున్నచోటే మూత్రం పోస్తోంది. అందుకని తొమ్మిది దాటాక నీళ్ల గిన్నె తీసేస్తున్నాం. ఈ మధ్య తిండి తగ్గింది. వారంలో మూడుసార్లు వాంతి చేసుకుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ 3.8 వచ్చింది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నాయని, ఈ వయసులో పెద్దగా చేయగలిగింది లేదని అన్నారు. కిడ్నీ జబ్బుకు వాడే ప్రత్యేక ఆహారం తెచ్చాం. వాసన చూసి పక్కకు వెళ్లిపోతోంది. ఏం పెడితే తింటుంది? ఇంకా ఎన్నాళ్లు ఉంటుంది? వెనక కాళ్ల నొప్పులకు మావారు వాడే నొప్పి మాత్ర సగం ఇస్తుంటాం. అది వేస్తే కాస్త లేచి తిరుగుతుంది. మా ఇంట్లో పిల్లలాగే పెరిగింది. బాధపడకుండా చూసుకోవాలన్నదే మా తపన.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగింది ఆహారం గురించి. దాని దగ్గరికి వస్తాను. ముందు, ఉత్తరం చివర్లో మాటవరసకు అన్నట్టు రాసిన ఆ ఒక్క వాక్యం సంగతి తేలాలి. ఏ నొప్పి మాత్రో రాయలేదు. ఎన్నాళ్లుగా ఇస్తున్నారో లేదు. రోజూ ఇస్తున్నారా, కుంటిన రోజు మాత్రమేనా, అదీ లేదు. మూత్రపిండాలు వడకట్టాల్సిన మలినం రక్తంలో ఎంత పేరుకుందో చెప్పే ఆ క్రియాటినిన్ అంకె కంటే నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నవి ఆ రాయని సంగతులే.

ఇప్పుడే లేచి ఆ మాత్రల షీటు వెనక పేరు చదవండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, వీటిలో ఏది కనిపించినా ఈ పూట నుంచే మానేయండి. ఒకవేళ అది ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ అయితే సంగతి వేరు. కొన్నాళ్లుగా ఇస్తున్న స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి ఆపడం కూడా ప్రమాదమే. అందుకని ఆపేముందు మీ పశువైద్యులకు ఫోన్ చేయండి, అదీ ఈ రోజే. పారాసెటమాల్ అయినా 'అది మెత్తటి మందే కదా' అనుకోవద్దు. మోతాదు మించితే కుక్కల కాలేయాన్ని, ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తుంది.

సగమే కదా ఇచ్చింది అంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అదే అంటారు. కుక్క బరువు మనిషి బరువులో సగం కాబట్టి మాత్రలోనూ సగం అన్నది కూరగాయల బేరం లెక్క, మందుల లెక్క కాదు. నాప్రోక్సెన్‌నే తీసుకోండి. మనిషి రక్తంలో అది సగానికి తగ్గడానికి 12 నుంచి 17 గంటలు పడుతుంది. కుక్క రక్తంలో దాదాపు మూడు రోజులు పడుతుంది. నిన్నటి సగం, మొన్నటి సగం ఇంకా ఒంట్లో తిరుగుతుండగానే ఈ రోజు సగం వచ్చి కలుస్తుంది. ఇక ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం అందేలా నాళాలను తెరిచి ఉంచేవి ఒంట్లోనే తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. పొట్ట లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ అవే. ఈ మాత్రలు నొప్పి తగ్గించేది ఆ ప్రోస్టాగ్లాండిన్లను అణచివేయడం ద్వారానే. జూలీ లేచి తిరుగుతున్నది నిజమే కావచ్చు. ఆ తిరుగుడుకు మూల్యం చెల్లిస్తున్నవి దాని మూత్రపిండాలు.

రాబందులు ఏమైపోయాయో గుర్తుందా? పశువులకు వాడిన డైక్లోఫెనాక్ కళేబరాల ద్వారా వాటి ఒంట్లోకి చేరింది, మూత్రపిండాలు పాడై గుంపులు గుంపులుగా రాలిపోయాయి. కుక్క, రాబందు ఒకటి కాదు, ఒప్పుకుంటాను. అయినా మన మందు ఇంకో ప్రాణి ఒంట్లో ఏం చేస్తుందో ఊహించి ఇవ్వకూడదనడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం నాకు తెలియదు.

ఆ మధ్య ఒకాయన ముసలి కుక్కను చేతుల మీద మోసుకొచ్చారు. చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. బల్ల మీద పడుకోబెట్టగానే తారులాంటి నల్లటి విరేచనం అయింది. 'ఇంట్లో ఏమైనా మందు ఇచ్చారా?' అని రెండుసార్లు అడిగాను, లేదన్నారు. మూడోసారికి చొక్కా జేబులోంచి షీటు తీశారు. ప్రతి గూడులోనూ సగం మాత్ర తీసి, మిగతా సగం మీద రేకును వేలితో పొందికగా వెనక్కి ఒత్తిపెట్టారు. అంత శ్రద్ధ. డాక్టరు తిడతారేమోనని చెప్పలేదట. తిట్టానన్నది నిజం. ఆ మాట మొదటిసారి అడిగినప్పుడే చెప్పి ఉంటే తిట్టు అప్పుడే అయిపోయేది, చికిత్స అరగంట ముందు మొదలయ్యేది. మీరు కూడా మీ డాక్టరుకు ఈ మాత్ర సంగతి చెప్పి ఉండరని నా అనుమానం. చెప్పండి. తిడితే తిట్టించుకోండి.

రెండోది నీళ్ల గిన్నె. ఈ రాత్రి నుంచే దాన్ని యథాస్థానంలో పెట్టండి. నీళ్లు ఎక్కువ తాగుతోంది కాబట్టి మూత్రం ఎక్కువ పోస్తోందని మీరు అనుకుంటున్నారు. మూత్రపిండాల జబ్బులో జరిగేది దీనికి తలకిందులు. మూత్రాన్ని చిక్కబరిచే శక్తి పోయింది, నీరు ఆగకుండా బయటికి పోతోంది, ఆ లోటు పూడ్చుకోవడానికి జూలీ తాగుతోంది. గిన్నె తీసేస్తే మూత్రం పెద్దగా తగ్గదు, ఒంట్లో నీరు మాత్రం ఇంకిపోతుంది. ఒకవైపు ఎండిపోయిన ఒళ్లు, మరోవైపు నొప్పి మాత్ర, మధ్యలో మూడు వాంతులు. మూత్రపిండాలను దెబ్బతీయాలని ఎవరైనా పనిగట్టుకుని చేసినా ఇలాగే చేస్తారు. మాట కటువుగా ఉంటే మన్నించండి, ప్రేమతోనే చేశారని తెలుసు.

పడక తడవడమే సమస్య అయితే తడిని పీల్చే గుడ్డలు మార్చండి, అర్ధరాత్రి ఒకసారి లేపి బయటికి తీసుకెళ్లండి. తొడల లోపలి చర్మం మూత్రానికి ఒరుసుకుపోతుంది కాబట్టి గోరువెచ్చని నీటితో కడిగి పొడిగా తుడవండి.

ఇప్పుడు మీ 3.8 సంగతి. ఐరిస్ అనే అంతర్జాతీయ పశువైద్య నిపుణుల బృందం లెక్క ప్రకారం కుక్కల్లో క్రియాటినిన్ 2.9 నుంచి 5.0 వరకు ఉంటే మూడో దశ, ఆ పైన నాలుగోది. అయితే ఆ లెక్క వేయడానికి ఒక షరతు ఉంది. కుక్క ఒంట్లో నీరు సరిపడా ఉండాలి, పరిస్థితి నిలకడగా ఉండాలి, కనీసం రెండుసార్లు పరీక్షించి ఉండాలి. జూలీ విషయంలో ఈ మూడింటిలో ఒక్కటీ జరిగినట్టు లేదు. మీ దగ్గరున్న అంకెలో పాత జబ్బు వాటా ఎంతో, దాహం వాటా ఎంతో, మాత్ర వాటా ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. మాత్ర ఆగి, సెలైన్ ఎక్కి, వాంతులు తగ్గాక మళ్లీ చూస్తే అది కొంత దిగవచ్చు. దిగకపోనూవచ్చు. ఆ రెండో అంకె రాకముందే 'ఎన్నాళ్లు' అని అడగడం తొందరపాటు.

రక్తంతో పాటు మూత్రం చూశారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. మూత్రం చిక్కదనం, అందులో ప్రోటీను, ఇన్ఫెక్షను చూడకుండా మూత్రపిండాల గురించి మాట్లాడటం సగం చూసి మొత్తం చెప్పడమే. పల్చటి మూత్రంలో సూక్ష్మజీవులు సులువుగా పెరుగుతాయి. ఆ ఇన్ఫెక్షను మూత్రపిండాల దాకా పాకితే అదీ క్రియాటినిన్‌ను పెంచుతుంది. దానికి మందు ఉంది. రక్తపోటు కూడా కొలవాలి, కుక్కలకూ కొలుస్తారు. పై అంకె 160 దాటి అలాగే నిలిస్తే చికిత్స ఆలోచిస్తాం. ఉన్నట్టుండి గోడలకు, కుర్చీలకు తగులుకుంటూ నడిస్తే వయసు చత్వారం అనుకోకండి. అధిక రక్తపోటుతో కంటిపొర ఊడిందేమో గంటల్లో చూపించాలి.

మీరు రాయనిది ఇంకొకటి. జూలీకి గర్భసంచి తీయించారా? తీయించకపోతే, ఈ మధ్య ఎదకు వచ్చి నెలా రెండు నెలలు అయి ఉంటే, గర్భసంచిలో చీము పట్టిందేమో చూడాలి. విపరీతమైన దాహం, వాంతులు, తిండి మానేయడం, క్రియాటినిన్ పెరగడం అన్నీ దానిలోనూ కనిపిస్తాయి. బయటికి స్రావం రాకుండా లోలోపలే నిండిపోయే రకమూ ఉంది. అది వాయిదా వేయడానికి వీల్లేని జబ్బు. నాలుగు నెలల దాహం, అయిదు కిలోల తరుగుదల చూస్తే పాత మూత్రపిండాల జబ్బే ప్రధానమని నాకు అనిపిస్తోంది. ఉత్తరం చదివి అనిపించడం వేరు, పొట్ట మీద చెయ్యి పెట్టి, స్కానింగ్ చూసి చెప్పడం వేరు. పరీక్షించకుండా ఇంతకు మించి నేను చెప్పకూడదు. మందులు, మోతాదులు జూలీని చూసే పశువైద్యులే నిర్ణయించాలి.

ఆహారం. అది మొండికేయడం లేదు, దానికి వికారంగా ఉంది. రక్తంలో మలినాలు పేరుకుంటే నోరు చేదెక్కుతుంది, ఒక్కోసారి నోట్లో పుండ్లు వస్తాయి. నోరు తెరిచి చిగుళ్లు, నాలుక అంచులు చూడండి. వికారంగా ఉన్నప్పుడు కొత్త ఆహారం పెడితే ఆ వాసనకూ వికారానికీ ముడిపడిపోతుంది, తర్వాత కోలుకున్నా దాన్ని ముట్టదు. కాబట్టి ఆ ప్రత్యేక ఆహారాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. ముందు వాంతులకు డాక్టరు మందు ఇస్తారు. ఆకలి తిరిగొచ్చాక పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజుల్లో మార్చండి. గోరువెచ్చగా చేస్తే వాసన తేలి ఇష్టపడుతుంది. ఆ ఆహారంలో అసలు గుణం ఫాస్ఫరస్ తక్కువగా ఉండటం. ప్రోటీను పూర్తిగా మానేయాలని ఎవరో చెబితే వినకండి, ఉన్న కండ కూడా కరిగిపోతుంది. ఎముకలు, ఉప్పు ఎక్కువున్నవి, ఉల్లి, వెల్లుల్లి వద్దు. నోట్లో కుక్కి తినిపించడం అసలే వద్దు. ఏమీ తినని రోజున, తనకు ఇష్టమైనది రెండు ముద్దలు తిన్నా నేను అడ్డుచెప్పను.

మరి కాళ్ల నొప్పి? మాత్ర ఆపమని చెప్పి నొప్పిని దాని మానాన వదిలేయమనడం లేదు. గాబాపెంటిన్ లాంటివి ఉన్నాయి, మూత్రపిండాల జబ్బులో మోతాదు తగ్గించి వాడతాం. (అదీ ఇంట్లో ఉంది కదా అని మీరే ఇవ్వకండి. మనుషుల కోసం చేసిన కొన్ని గాబాపెంటిన్ ద్రవాల్లో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు, కుక్కలకు అది విషం.) కీళ్లవాపు నొప్పికి నెలకొకసారి ఇచ్చే బెడిన్‌వెట్‌మాబ్ అనే ఇంజెక్షను ఉంది, జూలీకి తగునో లేదో మీ డాక్టరే చెప్పాలి. మందు కాని పనులే ఎక్కువ మేలు చేస్తాయి. నున్నటి నేల మీద కాళ్లు జారకుండా అది నడిచే దారంతా పట్టాలు పరవండి. పెరిగిన గోళ్లు తీయించండి. లేచేటప్పుడు పొత్తికడుపు కింద తువ్వాలు వేసి, రెండు కొసలూ పైకి పట్టుకుంటే సగం బరువు మీరు మోసినట్టే.

సెలైన్ ఇంటి దగ్గరే చర్మం కింద ఎక్కించడం కొందరికి నేర్పిస్తాం. భుజాల మధ్య చర్మాన్ని గుడారంలా పైకి లాగి సూది పెడతారు. అక్కడ గడ్డలా ఉబ్బి, మెల్లగా ముందు కాలివైపు జారి, కొన్ని గంటల్లో ఇంకిపోతుంది. మొదటిసారి చూసినవాళ్లు హడలిపోతారు, పదో రోజుకు మాట్లాడుకుంటూ చేసేస్తారు. గుండె జబ్బు ఉంటే మాత్రం కుదరదు, అందుకే అడగనిదే మొదలుపెట్టవద్దు.

ఎన్నాళ్లు అన్నదానికి నిజాయితీగా చెప్పగలిగింది ఇంతే: నిజంగా మూడో దశే అయితే కొన్ని కుక్కలు నెలలు, కొన్ని ఏడాది పైన గడుపుతాయి. బాధ సంగతి మాత్రం మీరే కొలవవచ్చు. ఆలిస్ విల్లాలోబోస్ అనే పశువైద్యురాలు ఒక కొలత ఇచ్చారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డరోజుల కంటే మంచిరోజులు ఎక్కువ ఉన్నాయా అన్నది, ఒక్కోదానికి పదికి ఎన్ని మార్కులో మీరే వేయాలి. మొత్తం 35 దాటితే ఇంకా చూసుకోవచ్చని ఆవిడ లెక్క. ఇంట్లో అందరూ ఒకరిది ఒకరు చూడకుండా వేయండి. మార్కులు పడిపోతూ ఉంటే కారుణ్య మరణం గురించి డాక్టరుతో మాట్లాడటం ద్రోహం కాదు. ముందు మత్తు ఇస్తారు, తర్వాత ఇచ్చే మందుతో నొప్పి తెలియకుండానే శ్వాస, గుండె ఆగిపోతాయి. ఆ మాట ఈ రోజు ఎత్తడానికి నాకు కారణం కనిపించడం లేదు. 3.8 అన్న ఒక్క అంకె చూసి అయితే అసలే కాదు.

రేపు డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రల షీటు తీసుకెళ్లండి. జూలీ పడుకున్నచోటు నుంచి లేచి నడవడాన్ని ఫోనులో వీడియో తీసుకోండి, ఆసుపత్రిలో భయంతో మామూలుగా నడిచేస్తుంది. 24 గంటల్లో ఎన్ని నీళ్లు తాగిందో కొలవండి. పోసినవాటిలోంచి మిగిలినవి తీసేస్తే చాలు. దాని బరువుకు రోజుకు 2.6 లీటర్లు దాటితే అది రోగలక్షణమే. పొద్దున మొదటి మూత్రం కూర్చోగానే వెనక నుంచి లోతు తక్కువ పళ్లెం జరిపి పట్టి, శుభ్రమైన సీసాలో పోసి రెండు మూడు గంటల్లో చేర్చండి. ఆలోగా నల్లటి విరేచనం, రక్తపు వాంతి, పాలిపోయిన చిగుళ్లు, ఫిట్స్, పూట గడిచినా మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగకండి.