తేనెటీగ కుట్టి పది రోజులే అయింది, ఎలర్జీ టెస్టు ఇప్పుడే చేయించాల్నా?

మా అన్న తేనెటీగ కుట్టి పడిపోయిండు, పది రోజులైంది, టెస్టు ఇప్పుడే చేయించాల్నా అని అడిగిన్రు. ఇప్పుడే వద్దు. మేం తొందరపడి మోసపోయినం.

మాది నకిరేకల్ దిక్కు, బత్తాయి తోట ఉంది. మా బాపు డ్రిప్పు పైపులు సదురుతుంటె మెడ మీద ఒక్కటంటె ఒక్కటే ఈగ కుట్టింది. అంతకు ముందేడు కుడితె మోచేయి దాంక ఉబ్బింది, సున్నం రాసి ఊకున్నం. ఈసారి పది నిమిషాలు కాలె, ఒళ్లంత దద్దుర్లు, గొంతు పట్టేసింది, కండ్లు మసకైతున్నయ్ రా అనుకుంటనే గట్టు మీద కూలవడ్డడు. ట్రాలీ ఆటోల పండవెట్టుకొని పీహెచ్‌సీకి ఉరికినం. డాక్టరమ్మ సూడంగనే తొడకు అడ్రినలిన్ సూది ఏసింది, ఆ సూది లేకపోతె మా బాపు లేడు.

ఆరో రోజు ఒక ల్యాబుల ఎలర్జీ ప్యాకేజీ అని వేలకు వేలు కట్టిచ్చుకున్నరు. పాలు, పల్లీలు, వంకాయ, దుమ్ము, పిల్లి బొచ్చు అన్నీ నెగెటివ్, సంబురంగ ఇంటికొచ్చి బాపును మళ్ల తోటకు తోలినం. తర్వాత హైదరాబాదుల ఎలర్జీ డాక్టరు ఆ కాగితం సూసి, ఇండ్ల తేనెటీగ విషం పేరే లేదు కదయ్యా అన్నడు. నాకు కడుపు రగిలింది. కుట్టి పడిపోయినోనికి వంకాయ టెస్టు ఎందుకు? పేరున్నా కుట్టిన కొత్తల నెగెటివ్ వచ్చే చాన్సుంటదట, 4 నుంచి 6 వారాలు ఆగాలె అన్నడు.

ఆగి మళ్ల చేయించినం. రక్తంల తేనెటీగ విషానికి, కందిరీగ విషానికి వేరువేరుగ ఐజీఈ, అంటె ఎలర్జీ ఉన్నోళ్ల రక్తంల తయారయ్యే యాంటీబాడీ, ఎంతుందో సూస్తరు. బాపుకు తేనెటీగదే పాజిటివ్ వచ్చింది. చర్మం మీద చేసే టెస్టు కూడ ఉంటది, విషం కొద్దిగ గుచ్చి 15, 20 నిమిషాలల్ల దద్దు లేస్తదా అని సూస్తరు, దానికైతె సిట్రిజిన్ లాంటి గోళీలు వారం ముందే బంద్ వెట్టాలె, రక్తం టెస్టుకు ఆ బాధ లేదు. ఊళ్లె అందరు ఎంతొచ్చింది, ఎంతొచ్చింది అని నంబరు అడుగుడే, నంబరు పెద్దగుంటె ప్రమాదం పెద్దదని ఏం లేదు. కుట్టిన కాడ ఉబ్బుడు తప్ప ఇంకేం కానోళ్లు ఊకె టెస్టులకు ఉరకొద్దు, ఏ ప్రమాదం లేనోళ్లకు కూడ పాజిటివ్ వస్తది, ఉత్తగ భయం.

మీ అన్నకు ఇంకో నెల ఆగి, తేనెటీగ, కందిరీగ రెండింటి పేర్లు చీటి మీద రాయిచ్చుకొని పోన్రి. అప్పటిదాంక తోట దిక్కు ఒక్కన్ని పోనియ్యకున్రి, అడ్రినలిన్ ఇంట్ల పెట్టుకునుడు, ఏసుకునుడు డాక్టరును ఇయ్యాలనే అడగున్రి.