‘తుగ్లక్’లో తెర ఎప్పుడు దిగుతుంది?

ప్రశ్న: ఎం.ఏ. ఇంగ్లీషు మొదటి సంవత్సరం చదువుతున్నాను. మాకు గిరీశ్ కర్నాడ్ నాటకం ‘తుగ్లక్’ పాఠ్యగ్రంథం. నవల చదివినట్టు రెండుసార్లు చదివాను. కథ అర్థమైంది కానీ, దీన్ని అంతగా ఎందుకు మెచ్చుకుంటారో బోధపడలేదు. గైడులో ‘నెహ్రూ యుగానికి ప్రతీక’ అని ఉంది. అది సరిపోతుందా? నాటకం మీదే పై చదువులకు అవకాశం ఉందా?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: మార్కుల వరకు ఆ వాక్యం కొంత అక్కరకు వస్తుంది. కర్నాడ్ ఈ నాటకాన్ని కన్నడంలో వెలువరించింది 1964లో. నెహ్రూ మరణించిందీ ఆ ఏడాదే. గొప్ప ఆశయాలతో మొదలైన పాలన మీద భ్రమలు తొలగుతున్న ఆ రోజుల్లో ప్రేక్షకులు ఆ పోలికను గుర్తుపట్టడం సహజమే. కానీ పుస్తకం తెరవకుండానే రాయగలిగిన మాట అది. పదమూడు రంగాల్లో ఏది ఎక్కడ ఉంది, అక్కడే ఎందుకు ఉంది అన్నదాని గురించి ఆ వాక్యం ఏమీ చెప్పదు.

మీరు సురభి వారి నాటకం ఒక్కటైనా చూసి ఉంటే ఈ నాటకం నిర్మాణం తేలికగా అర్థమవుతుంది. వీధి చిత్రించిన తెర దించి దాని ముందు హాస్యపాత్రలు మాట్లాడుతూ ఉండగా, వెనుక దర్బారు సిద్ధం చేయడం పార్సీ నాటక కంపెనీల పద్ధతి. తాను ఆ పద్ధతినే తీసుకున్నానని, అయితే రాస్తూ పోయేకొద్దీ తెర ముందు రంగాలకూ వెనుక రంగాలకూ మధ్య ఉండవలసిన తూకం నిలవలేదని కర్నాడ్ ఒక పీఠికలో చెప్పుకున్నారు. నా దృష్టిలో ‘తుగ్లక్’కు తాళంచెవి ఇదే.

అజీజ్ పాత్రను పట్టుకుని చూడండి. వృత్తిరీత్యా చాకలి అయిన అతడు బ్రాహ్మణ వేషంలో, విష్ణుప్రసాద్ పేరుతో, ఢిల్లీ సుల్తాను మహమ్మద్ బిన్ తుగ్లక్ మీదే దావా వేసి గెలుస్తాడు. మొదటి రంగంలో అది నవ్వు పుట్టించే సంగతి. తర్వాత సుల్తాను రాజధానిని ఢిల్లీ నుంచి దౌలతాబాద్‌కు మార్చినప్పుడు, ఆ దారిలోని గుడారాల దగ్గర, చావుబతుకుల్లో ఉన్న బిడ్డను వైద్యుడికి చూపించుకోవాలని బతిమాలే తల్లిని లంచం ఇస్తేనే కదలనిస్తానంటాడు. ఉన్నది ఇప్పటికీ తెర ముందు రంగమే, కానీ నవ్వడానికి ఎవరికీ నోరు రాదు. చివరికి ఖలీఫా వంశీకుడిని చంపి, ఆ వేషంలోనే దర్బారులో అడుగుపెట్టి, సుల్తానుతో ముఖాముఖి నిలబడతాడు. తెర ముందు ఉండవలసిన మనిషి వెనుకకు వచ్చేశాడు. పైగా సుల్తాను అతడిని శిక్షించకుండా దక్కనులో ఉద్యోగం ఇస్తాడు. తెర ఎక్కడ దిగుతుంది, ఎక్కడ లేస్తుంది అని పదమూడు రంగాలకూ మీరే ఒక కాగితం మీద గుర్తు పెట్టుకుంటే, ఏ గైడూ ఇవ్వని వ్యాసం అందులోనే దొరుకుతుంది.

రెండో పని: నలుగురు స్నేహితులు కూర్చుని ప్రార్థన రంగాన్ని పైకి చదవండి. ప్రార్థన వేళ ఆయుధాలు ధరించకూడదన్నది సుల్తాను పెట్టిన నియమమే. దాన్నే అదనుగా తీసుకుని, కుట్ర పన్నిన అమీర్లు (దర్బారు ప్రభువులు) కత్తులు దూస్తారు. గదిలోని తెర చాటున పొంచి ఉన్న సైనికులు వారిని చుట్టుముడతారు. ఆపైన సుల్తాను కుట్రదారుల్లో ఒకడైన షిహాబుద్దీన్‌ను తన చేత్తోనే, మళ్లీ మళ్లీ పొడుస్తాడు. కళ్లతో చదివితే అర నిమిషంలో అయిపోయే రంగసూచన అది. ఒకరు నిలబడి ఆ పోట్లను అభినయిస్తే, మిగతావారు ఎంతసేపు మౌనంగా ఉండాలి, మొదటి పోటు తర్వాత నటుడి ముఖం ఎలా ఉండాలి అన్న ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి. ఆ తర్వాత రాజ్యంలో ప్రార్థననే నిషేధించమనే ఆజ్ఞ ఎందుకంత భయంకరంగా వినిపిస్తుందో అప్పుడు తెలుస్తుంది. (అధ్యాపకులు తరగతిలో ఇలా చేయించకుండా కథాసంగ్రహం చెప్పించి ముగించడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.) దర్శకుడు ఇబ్రహీం అల్కాజీ ఈ నాటకాన్ని ఢిల్లీ పురానా ఖిలా శిథిలాల మధ్య ప్రదర్శించడంలోని ఔచిత్యాన్ని కూడా ఆలోచించి చూడండి.

ఇక పై చదువుల సంగతి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోను, మీకు దగ్గరలో ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలోను రంగస్థల కళల విభాగాలు ఉన్నాయి. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్ల డిప్లొమా ఇస్తుంది. అక్కడ డిగ్రీతో పాటు నాటకాల్లో పనిచేసిన అనుభవం కూడా అడుగుతారు. కనుక ఈ ఏడాదే మీ ఊళ్లో ఏదైనా నాటక సమాజంలో చేరండి. వేషం దొరక్కపోతే ప్రాంప్టింగ్ (చాటు నుంచి నటులకు మాటలు అందించడం) చేయండి, లైట్ల దగ్గర నిలబడండి.