కాపీ ఇచ్చాకే మార్కులు

చిరంజీవి లలితకు,

జనవరి నుంచి పిట్స్‌బర్గ్‌లో మతాల పాఠం చెబుతున్నావనీ, పిల్లల్ని పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి పంపి అక్కడి పెద్దవాళ్ల మాటలు రికార్డు చేయిస్తావనీ మీ అమ్మ చెప్పింది. సంతోషమేసింది, నిద్ర మాత్రం పట్టలేదు. పిల్లల్ని ఇలా సొంత ఊరి గుళ్లకీ మసీదులకీ పంపడం కొత్త కాదులే, హార్వర్డులో మతాల ప్రొఫెసరు డయానా ఎక్ 1991లోనే మొదలుపెట్టారు.

చెప్పులు, బట్టలు, గర్భగుడి ముందు ఫోటోలు: కాగితం మీద రాసివ్వు, చాలు. 30 మందిని ఒకేసారి బస్సులో దింపకు, నలుగురేసి పంపు. ఉగాది సెమిస్టరు మధ్యలోనే వస్తుంది, ఆ వారం కమిటీవాళ్లని కదపకు. ఉద్యోగాలు చేసుకుంటూ గుడి చూసుకునే మనుషులు, నవంబరులోనే వెళ్లి "మీకేం కావాలి" అని అడుగు. పాత ఫోటోలు స్కాన్ చెయ్యమంటారో, పులిహోర పొట్లాలు కట్టమంటారో! దానికీ మార్కులుండాలి.

మా తరం చేసిన తప్పు ఒకటుంది. గుడి కార్యదర్శి సరేనంటే అందరూ సరేనన్నట్టే అనుకున్నాం. ఆయన అనుమతి గది వాడుకోడానికి, మామ్మగారి మాటలకి కాదు. కొడుకు పక్కన కూచుని ఇంగ్లీషు అనుమతి ఫారం చూసి "సంతకం పెట్టమ్మా" అంటాడు, ఆవిడ పెట్టేస్తుంది. మనవడి వయసువాడు శ్రద్ధగా వింటుంటే వీసా చిక్కులు, అత్తగారి గొడవ అన్నీ చెప్పేస్తుంది. క్లాసు కోసమని చెప్పిన మాట ఆర్నెల్లకి వెబ్‌సైటులో తేలుతుంది.

ఫారం ఒక్క పేజీ, తెలుగులో, పైకి చదివి వినిపించాలి. మూడు గడులు: క్లాసుకి మాత్రమే, గుడిలో దాచడానికి, అందరికీ. గడిలో టిక్కు ఆ రోజు వద్దు. రెండు వారాల్లో ఆవిడకి రికార్డింగు కాపీ ఇచ్చి, ఏది తీసెయ్యాలో కొడుకు లేనప్పుడు అడిగి, అప్పుడు పెట్టించు. 15 వారాల్లో 10వ వారానికల్లా రికార్డింగులు ముగియాలి, లేకపోతే కాపీలు పరీక్షల్లో కొట్టుకుపోతాయి. ఇలా మాటలు రికార్డు చేసే మౌఖిక చరిత్ర తమ పరిధిలోకి రాదని మీ ఐఆర్‌బీ, అంటే మనుషుల మీద చేసే పరిశోధనల్ని పరిశీలించే యూనివర్సిటీ కమిటీ, అనొచ్చు, 2018 ఫెడరల్ నిబంధనల్లో అలాగే ఉంది. వాళ్లు వదిలేశారని నువ్వు వదిలేశావో, చూడు మరి!

వ్యాసంలో "హిందువులు నమ్ముతారు" అని కనిపిస్తే ఎర్రగీత గీసి "ఎవరు చెప్పారు?" అని రాయి.

జనవరిలో ఆ కొండదారి మంచు. టైర్లు మార్పించుకో తల్లీ.

మీ పెద్దమ్మ