డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌గా వచ్చిన 18 ఏళ్ల ఫుట్టీ కుర్రాడి మీద ఎంత ఆశ పెట్టుకోవచ్చు?

మీరు పెర్త్‌లో ఉంటారు, పదేళ్ల మీ అబ్బాయి ఏఎఫ్‌ఎల్‌లో (ఆస్ట్రేలియా సొంత ఫుట్‌బాల్‌ని ఇక్కడ ఫుట్టీ అంటారు, దాని పెద్ద లీగ్ ఇది) ఆడే వెస్ట్ కోస్ట్ ఈగల్స్ ఫ్యాన్. 2025 డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఏరుకునే చోట, ఆ క్లబ్ అందరికన్నా మొదటి పిక్‌గా తీసుకున్న విల్లెమ్ డూర్స్మా జెర్సీ కావాలని పట్టుబట్టి కూర్చున్నాడు. ఆ కుర్రాడు రాగానే టీమ్‌ని పైకి లాగుతాడా, వాడికి ఏం చెప్పమంటారు అని అడిగారు.

జెర్సీ కొనండి. టీమ్‌ని పైకి లాగడం మాత్రం ఆ కుర్రాడి పని కాదు.

నేను మెల్బోర్న్ పడమర వైపు, టార్నీట్‌లో ఉంటాను. 2014లో వచ్చాం. ఇటువైపు ఉంటే టీమ్ ఎంచుకునే శ్రమ ఉండదు, వెస్టర్న్ బుల్‌డాగ్స్ అంతే. మొదట్లో టీవీలో చూసి, ఇది రగ్బీయా, వాలీబాలా, లేక బస్టాండులో సీటు కోసం తోపులాటా అని నవ్వుకునేవాణ్ని. మా వాణ్ని ఆరేళ్లప్పుడు పిల్లలకి ఫుట్టీ నేర్పే ఆస్‌కిక్‌లో చేర్పించాక నాకూ పిచ్చి పట్టింది. ఇప్పుడు వాడికి 16. ఈ పదేళ్లలో డ్రాఫ్ట్ కుర్రాళ్ల విషయంలో నేను చేయని పొరపాటు లేదు కాబట్టి కాస్త చెప్పగలను.

నంబర్ వన్ అనగానే మనకి ఎంసెట్ ర్యాంకు గుర్తొస్తుంది. అక్కడే పప్పులో కాలేస్తాం. ఎంసెట్‌లో ఫస్ట్ ర్యాంకు వచ్చినవాడు తనకి నచ్చిన కాలేజీ, నచ్చిన బ్రాంచి ఏరుకుంటాడు. ఇక్కడ అంతా తలకిందులు. ముందటి సీజన్‌లో అందరికన్నా అడుగున ఉన్న టీమ్‌కి మొదట ఏరుకునే హక్కు ఇస్తారు. కుర్రాడిది ఎంచుకునే స్థానం కాదు, పేరు పిలిస్తే పెట్టె సర్దుకోవడమే. అంటే ఫస్ట్ ర్యాంకర్‌ని తీసుకెళ్లి లెక్చరర్లు సగం మంది మానేసిన కాలేజీలో వేసి, నువ్వొచ్చావుగా, ఇక రిజల్ట్స్ చూపించు అనడం. వెస్ట్ కోస్ట్ 2025లో 23 మ్యాచ్‌లు ఆడి ఒక్కటంటే ఒక్కటే గెలిచింది. అంత అడుగున ఉన్నందువల్లే ఈ కుర్రాడు మీకు దక్కాడు.

మీకు ఇంకో లెక్క కూడా చేతిలోనే ఉంది. 2023లో మీ టీమ్ మూడు మ్యాచ్‌లు గెలిచి, ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌గా హార్లీ రీడ్‌ని తీసుకుంది. విక్టోరియా ఉత్తరాన టాంగాలా అనే చిన్న ఊరి కుర్రాడు. డ్రాఫ్ట్ జరక్కముందే వాడి గురించి రాయని పేపరు లేదు, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. నిజంగానే బాగా ఆడాడు. 2024 ఏప్రిల్‌లో మీ పక్క టీమ్ ఫ్రీమాంటిల్ మీద జరిగే డెర్బీ మ్యాచ్‌లో, మీద పడ్డవాళ్లని చేత్తో తోసేసుకుంటూ పరిగెత్తి కొట్టిన గోల్ మీ వాడికి కంఠతా వచ్చే ఉంటుంది. మరి టీమ్? 2024లో అయిదు గెలుపులు, 2025లో ఒకటి. కుర్రాడి తప్పేమీ లేదు. మైదానంలో ఒక్కో వైపు 18 మంది ఉండే ఆటలో ఒక్కడు ఎంత మోస్తాడు? క్రికెట్‌లో అయితే ఒక్కడు నిలబడి సెంచరీ కొట్టి మ్యాచ్ లాక్కురావచ్చు. ఇందులో బంతి మీ దాకా రావాలంటే ముందు ముగ్గురు దాన్ని గెలవాలి.

మా బుల్‌డాగ్స్‌లో టామ్ బాయ్డ్ అని ఉండేవాడు. 2013 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్, పొడుగరి ఫార్వర్డ్. అప్పుడు తీసుకున్నది సిడ్నీ వైపు టీమ్ జీడబ్ల్యూఎస్. ఒక్క సీజన్ తర్వాత, నేను ఈ దేశం వచ్చిన ఏడాదే, మా కెప్టెన్ రయాన్ గ్రిఫెన్‌ని ఇచ్చి బాయ్డ్‌ని తెచ్చుకున్నారు. ఏడేళ్ల కాంట్రాక్టు, ఏడాదికి దాదాపు 10 లక్షల డాలర్లు అని వార్తలొచ్చాయి. వాడికప్పుడు 19 ఏళ్లు. అప్పటినుంచి వాడు బంతి జారవిడిచినప్పుడల్లా స్టాండ్స్‌లో ఎవరో ఒకరు ఆ డాలర్ల లెక్క అరిచేవారు. ఆట సరిగ్గా అర్థం కాకపోయినా నేనూ అరిచాను. పొడుగ్గా ఉన్నాడు, అంత డబ్బు తీసుకుంటున్నాడు, ఎందుకు పట్టుకోడు అనుకునేవాణ్ని.

2016 అక్టోబర్ 1న గ్రాండ్ ఫైనల్ పక్కింటాయన గరాజ్‌లో చూశాం. ఆయన పుట్టి పెరిగిందంతా బుల్‌డాగ్స్ సొంత పేట ఫుట్స్‌క్రే. అప్పటికి 60 దాటిన మనిషి, బుల్‌డాగ్స్ ఫ్లాగ్, అంటే టైటిల్, గెలవడం ఒక్కసారి కూడా చూడలేదు. అంతకుముందు గెలిచింది 1954లో. రెండేళ్లుగా బాయ్డ్‌ని ఆయన తిట్టినంతగా మా వీధిలో ఇంకెవరూ తిట్టలేదు. ఆ రోజు బాయ్డ్ మూడు గోల్స్ కొట్టాడు. చివరి క్వార్టర్‌లో చాలా దూరం నుంచి కొట్టిన బంతి గాల్లో వెళ్లి, నేల మీద పడి, దొర్లుకుంటూ పోస్టుల మధ్య దూరేదాకా గరాజ్‌లో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. పెద్దాయన చేతిలో సాస్ బాటిల్ అలాగే పట్టుకుని ఏడ్చాడు. చొక్కా నిండా సాస్. సిడ్నీ మీద 22 పాయింట్ల తేడాతో గెలిచాం.

కథ అక్కడ ఆగలేదు. 2019 మేలో బాయ్డ్ ఆట మానేశాడు. 23 ఏళ్లు. నిద్ర పట్టకపోవడం, ఆందోళన, డిప్రెషన్ గురించి తనే బయటికి చెప్పాడు. ఆ వార్త చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ గోల్ కాదు, నేను అరిచిన అరుపులు. ఒక్క నా గొంతు వల్ల ఏదో అయిపోయిందని చెప్పను. కానీ అలాంటి గొంతులు కొన్ని వేలు.

మీ వాడి జెర్సీ సంగతికొస్తే, నేనూ కొన్నాను. పేరు చెప్పను, మొదటి పిక్ కాదులెండి, కాస్త కింద వచ్చిన కుర్రాడు. డ్రాఫ్ట్ వీడియోలు రాత్రి రెండింటిదాకా చూసి, వీడే మనకి కాబోయే కెప్టెన్ అని తేల్చుకుని, మా వాడికి ఆ నంబర్‌తో కొనిచ్చాను. ఫ్యాంటసీ టీమ్‌లో కూడా వాణ్నే పెట్టుకున్నాను. కొత్త కుర్రాళ్లు అందులో చవగ్గా దొరుకుతారు కదా, అందరం చేసే పనే. సీజన్ సగం అయినా వాడు సీనియర్ టీమ్‌లోకి రాలేదు. కోచ్‌కి కళ్లు లేవని ఆఫీసులో లెక్చర్లు ఇచ్చాను.

ఒక ఆదివారం, వాడు రిజర్వ్స్‌లో, అంటే క్లబ్ రెండో టీమ్‌లో, ఆడుతున్నాడని తెలిసి మా వాణ్ని తీసుకుని ఫుట్స్‌క్రేలోని విటెన్ ఓవల్‌కి వెళ్లాను. ఏఎఫ్‌ఎల్ కింద ఉండే వీఎఫ్‌ఎల్ లీగ్ మ్యాచ్. పెద్ద స్టేడియంలో వాళ్లు బొమ్మల్లా కనిపిస్తారు, ఇక్కడ ఫెన్సింగ్‌కి ఆనుకుని నిలబడితే బూట్ల చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు చూశాను వాడి చేతులు. పొడవుగా ఉన్నాయి కానీ ఇంటర్ పిల్లాడి చేతులే. మోచేతి దగ్గర ఎముక కనిపిస్తోంది. వేళ్లకి టేపు, మౌత్‌గార్డ్ తీసి సాక్స్‌లో దోపుకున్నాడు. వాణ్ని కాస్తున్న అవతలి మనిషికి ముప్పై దగ్గర ఉంటాయి, మెడ ఉందో లేదో తెలియని శరీరం. బంతి పైనుంచి వస్తుంటే ఆ మనిషి పెద్దగా ఏమీ చేయలేదు, తుంటితో ఒక్కటి ఇచ్చాడు. ఆ కుర్రాడు రెండు అడుగులు అవతల పడ్డాడు. లేచి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

ఆ మ్యాచ్‌లలో క్వార్టర్ బ్రేక్‌లో జనాన్ని మైదానంలోకి వదులుతారు. ఆటగాళ్ల గుంపు చుట్టూ నిలబడి కోచ్ ఏమంటున్నాడో వినొచ్చు. మేం వాడికి రెండు చేతుల దూరంలో ఉన్నాం. పడిపోయినందుకు తిడతాడనుకున్నాను. కోచ్ వాడి వైపు చూసి అన్నది ఇంతే: "బంతి పోతే పోయింది. పోయాక ఎందుకు నిలబడ్డావ్? నీ మనిషి వెళ్లిపోయాడు." వాడు తల ఊపాడు. తర్వాతి క్వార్టర్‌లో వాడికి బంతి ఒక్కసారే అందింది. కానీ పోయిన ప్రతిసారీ వెనక్కి పరిగెత్తాడు. మా వాడు దారిలో, "నాన్నా, అతను బాగా ఆడలేదు కదా" అన్నాడు. మూడు గంటల ముందు నేనూ అదే అనేవాణ్ని.

ఆ కుర్రాడు తర్వాత ఏమయ్యాడంటారా? మూడో ఏడాదికి లిస్టులోంచి తీసేశారు. ఆ జెర్సీ ఇప్పుడు మా ఇంట్లో కారు కడగడానికి వేసుకునే బట్ట. అన్ని కథలూ గ్రాండ్ ఫైనల్ గరాజ్‌లో ముగియవు.

పోల్చి చూడటం ఈ ఊళ్లలో పెద్ద జబ్బు. 2008లో మెల్బోర్న్ టీమ్ మొదటి పిక్‌గా జాక్ వాట్స్‌ని తీసుకుంది, రెండో పిక్ మీ వెస్ట్ కోస్ట్‌కి దొరికిన నిక్ నైటనూయి. మరుసటి ఏడాది జూన్‌లో, ఇంకా స్కూల్లో చదువుతున్న వాట్స్‌ని కాలింగ్‌వుడ్ మీద క్వీన్స్ బర్త్‌డే మ్యాచ్‌లో, ఎంసీజీ స్టేడియంలో వేలమంది జనం ముందు దింపారు. వాడి చేతికి బంతి రాగానే కాలింగ్‌వుడ్ వాళ్లు గుంపుగా మీద పడ్డారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి వాడు ఏం చేసినా, రెండో పిక్ తీసుకుని ఉంటేనా అన్న మాటే. 2017లో అదే క్వీన్స్ బర్త్‌డే మ్యాచ్‌లో, అదే కాలింగ్‌వుడ్ మీద గెలిపించిన గోల్ కొట్టింది వాట్సే. ఆ సీజన్ అయ్యాక వాణ్ని పోర్ట్ అడిలైడ్‌కి పంపించేశారు. ఎనిమిదేళ్లు పట్టిన గోల్‌కి ఆ జనం ఇచ్చిన విలువ అది.

వేగంగా అందుకునేవాళ్లు లేరని కాదు. సామ్ వాల్ష్, నిక్ డేకస్ మొదటి ఏడాదే కుర్ర ఆటగాళ్లలో మేటికి ఇచ్చే రైజింగ్ స్టార్ అవార్డు కొట్టారు. ఇద్దరూ మిడ్‌ఫీల్డర్లు అని గమనించండి. పరుగు, తెలివి ఉంటే 18 ఏళ్లకే బంతి దొరుకుతుంది. పొడుగరులకి అలా కుదరదు, ఒళ్లు గట్టిపడాలి. మెల్బోర్న్ రక్‌మన్ (ఎగిరి బంతిని తన వాళ్లకి తట్టే పొడుగరి) మ్యాక్స్ గాన్ 2009లో 34వ పిక్, ఏడాది మేటి ఆటగాళ్లతో ప్రకటించే ఆల్ ఆస్ట్రేలియన్ టీమ్‌లోకి మొదటిసారి వచ్చింది 2016లో. ఏడేళ్లు! ఇక 1990లో 79వ పిక్‌గా వచ్చిన జేమ్స్ హర్డ్ 1996లో బ్రౌన్‌లో మెడల్, అంటే అంపైర్ల ఓట్లతో సీజన్ మేటి ఆటగాడికి ఇచ్చేది, గెలిచాడు. పిక్ నంబర్ అనేది క్లబ్ వేసిన అంచనా. తప్పితే అది అంచనా వేసినవాళ్ల తప్పు.

నాకు బాగా నచ్చే ఉదాహరణ మాట్ రౌల్. గోల్డ్ కోస్ట్ 2019లో మొదటి పిక్‌గా తీసుకుంది. 2020లో వరసగా మూడు మ్యాచ్‌ల్లో అంపైర్లు అతనికే పూర్తి ఓట్లు వేశారు, ఆస్ట్రేలియా అంతా ఊగిపోయింది. ఆ తర్వాతి మ్యాచ్‌లోనే భుజం దెబ్బతింది, సీజన్ అయిపోయింది. మరుసటి ఏడాది మొదటి మ్యాచ్‌లోనే మోకాలు. ఇక అంతేలే అన్నారు చాలామంది, నాతో సహా. 2025లో బ్రౌన్‌లో మెడల్ అతనిదే. ఆ ఏడాదే గోల్డ్ కోస్ట్ మొదటిసారి ఫైనల్స్ (సీజన్ చివరి నాకౌట్ దశ) ఆడింది.

డూర్స్మా విషయంలో పెర్త్ వాళ్లకి ఇంకో టెన్షన్ ఉంటుంది. విక్టోరియా కుర్రాడు కదా, రెండేళ్లకి ఇంటికి పోతానంటాడేమో అని. రీడ్ విషయంలో ఆ చర్చ రోజూ వినే ఉంటారు. జేసన్ హోర్న్ ఫ్రాన్సిస్ 2021లో నార్త్ మెల్బోర్న్‌కి మొదటి పిక్‌గా వచ్చి, ఒక్క సీజన్ ఆడి తన సొంత ఊరి వైపు పోర్ట్ అడిలైడ్‌కి వెళ్లిపోయాడు. మీరూ నేనూ అమ్మానాన్నలని వదిలి ఇంత దూరం వచ్చినవాళ్లమే. 18 ఏళ్లకి, ఓడిపోయిన ప్రతి ఆదివారం రాత్రి ఇల్లు ఎంత గుర్తొస్తుందో మనకి ఒకరు చెప్పాలా? ఒక విధంగా ఈ కుర్రాడు అదృష్టవంతుడు. అన్నలు జేవియర్, జేన్ ఇద్దరూ ఏఎఫ్‌ఎల్ ఆటగాళ్లే. ఈ గోల తట్టుకోవడం ఎలాగో ఫోన్ చేసి అడగడానికి ఇంట్లోనే మనుషులున్నారు.

మీ వాడికి ఏం చెప్పాలో నేను చెప్పను, పదేళ్ల పిల్లలకి మన నీతులు ఎక్కవు. బదులు ఒక పని చేయండి. వెస్ట్ కోస్ట్ రిజర్వ్స్ మీ రాష్ట్ర లీగ్ డబ్ల్యూఏఎఫ్‌ఎల్‌లో ఆడతారు. ఎప్పుడైనా కొత్త కుర్రాళ్లు అందులో ఆడుతుంటే తీసుకెళ్లి ఫెన్సింగ్ పక్కన నిలబెట్టండి. బంతి ఎన్నిసార్లు అందిందో లెక్కపెట్టొద్దని, పోయినప్పుడు ఎటు పరిగెత్తాడో లెక్కపెట్టమని పందెం కట్టండి. మా వాడికి చిప్స్ పందెం కట్టాను, ఓడిపోయాను.

జెర్సీ మాత్రం మనవాళ్ల పద్ధతిలోనే ఒక సైజు పెద్దది తీసుకోండి.