శవం బరువు ఏ కాలి మీద పడింది?

అమ్మాయీ, ఆశీస్సులు.

చందమామ బొమ్మల మీద నీ వ్యాసం చదివాను. బేతాళ కథ బొమ్మ చూసి నిద్రపట్టక అమ్మమ్మ పక్కలో దూరావన్నావు, సరే. ఇంతకీ ఆ బొమ్మ వేసిందెవరు? వ్యాసమంతా వెతికినా పేరు లేదు. "చందమామ చిత్రకారుడు" అని ఊరుకున్నావు. ఆయన శంకర్, పూర్తి పేరు కె.సి. శివశంకరన్. 1950ల మొదట్లో చేరి దశాబ్దాల పాటు గీశారు. 2020లో పోయారు. పద్మశ్రీ ఆ మరుసటి ఏడాది వచ్చింది. ప్రభుత్వానికే అంత ఆలస్యంగా గుర్తొస్తే నిన్నేమనను?

"బొమ్మలు కథకు ప్రాణం పోశాయి" అన్నావు. ఎలా పోశాయి? విక్రమార్కుడి భుజాన శవం, చేతిలో కత్తి. ఆ బరువు ఏ కాలి మీద పడింది? వెన్ను వంగిందా, నిటారుగా ఉందా? నువ్వు బొమ్మను కాదు, నీ చిన్నప్పటి భయాన్ని చూసి రాశావు. 1947లో తెలుగు, తమిళాల్లో మొదలైన ఆ పత్రిక తర్వాత ఎన్ని భాషల్లోకి వెళ్లినా బొమ్మలు అవే. తమిళ పిల్లాడూ ఆ శవానికే జడుసుకున్నాడు. నువ్వు రాసిన మీ అమ్మమ్మగారి ఊరు ఆ బొమ్మలో ఎక్కడుంది?

ట్రేసింగ్ పేపర్ కొనుక్కో. బొమ్మ మీద పెట్టి ప్రతి గీతా దిద్దు. నీకు బొమ్మలు రాకపోయినా ఫర్వాలేదు, నాకూ రావు. గీత ఎక్కడ లావెక్కిందో, ఎక్కడ సన్నబడిందో చేతికి తెలుస్తుంది. తర్వాత చందమామలోనే దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియళ్లకు, చిత్ర అనే మరో చిత్రకారుడు వేసిన కోటల్నీ రాక్షసుల్నీ దిద్దు. శంకర్ గారికీ చిత్ర గారికీ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాల దగ్గర మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ రంగులో రంగు కరిగిపోతుంది, పెన్సిల్‌కి ఏం దొరుకుతుంది? చేత్తో దిద్దనివాళ్లకు చిత్రకారుల మీద రాసే హక్కు లేదని నా మొండి నమ్మకం. విమర్శకులు నవ్వుతారు, నవ్వనీ.

కొత్తలో చిత్ర గారి మీద వ్యాసం రాసి ఒక వారపత్రికకు పట్టుకెళ్లాను. సంపాదకుడు గీతల సంగతంతా కొట్టేసి, మా నాయనమ్మ గురించి ఉన్న రెండు ముక్కలూ పెంచి తెమ్మన్నాడు. నేను తేలేదు. ఆయనే పెంచి వేసుకున్నాడు, పక్కన బొమ్మ కూడా, చిత్ర గారి సంతకం కత్తిరించి. అదేమిటయ్యా అంటే పేజీలో పట్టలేదన్నాడు. మా నాయనమ్మ మాత్రం పట్టింది. ఇప్పటివాళ్లు ఇంకో ఆకు ఎక్కువే చదివారు. ఫోన్లో రంగులు పులిమి, సంతకం చెరిపేసి, "గోల్డెన్ మెమరీస్" అంటూ గుడ్ మార్నింగ్‌తో పాటు పంపుతున్నారు.

మీ చెల్లెలు శవం మొహం మీద బొట్టుబిళ్ల అంటించిందన్న వాక్యం బాగుంది. అది కొట్టెయ్యకు.

పుస్తకం వెయ్యొచ్చా అని అడిగావు. ఆ మాట తర్వాత. ఈసారి వ్యాసంతో పాటు దిద్దిన కాగితాలు కూడా పంపు. ఫోటోలు తీసి కాదు, పోస్టులో.