ఇంటివాడికి లెక్క ఉండదా, బాబూ?

ప్రశ్న: అమ్మా, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాకు 38 ఏళ్లు. పదకొండేళ్లుగా చిన్న ఆర్కెస్ట్రా నడుపుతున్నాను. కీబోర్డు నేనే వాయిస్తాను. పెళ్లిళ్లు, తీర్థాలు, వినాయక చవితి పందిళ్లు కలిపి ఏడాదికి 40 ప్రోగ్రాముల దాకా వస్తాయి. పనికి లోటు లేదు, మనుషులే నిలబడటం లేదు. మాఘమాసంలో ఒక పెళ్లికి డ్రమ్స్ కుర్రాడు సాయంత్రం నుంచి ఫోన్ ఆపేశాడు. ఇంకో ట్రూపు ఐదు వందలు ఎక్కువ ఇస్తామంటే భీమవరం వెళ్లిపోయాడని తర్వాత తెలిసింది. లీడ్ గిటారు అతను చెప్పాపెట్టకుండా కువైట్ వెళ్లిపోయాడు. పాడే అమ్మాయిది సఖినేటిపల్లి. గోదావరికి ఇటువైపు ప్రోగ్రాం అంటే ఏదో ఒక వంక చెబుతుంది. పార్టీలు బాకీ ఆపినప్పుడు వీళ్లకి రెండు మూడు నెలలు ఆలస్యంగా ఇచ్చిన మాట నిజమే కానీ ఎవరికీ ఎగ్గొట్టలేదు.

ప్యాడ్స్ ఐదేళ్లుగా మా తమ్ముడే వాయించేవాడు. వాడికి 29. వాడికి విడిగా ఇచ్చేదేముంది, తిండీ బట్టా అంతా మా ఇంట్లోనే. కనుమ నాడు ప్రభల తీర్థంలో వాడు తాళం తప్పితే కోపంలో మైకులోనే ఒక మాట అన్నాను. అప్పటి నుంచి రావడం మానేశాడు, ఇంట్లో మాట్లాడటం లేదు. అమ్మ బాధపడుతోంది. అది సర్దుకుంటుంది లెండి. ఇప్పుడు బయటివాడికి ప్రోగ్రాముకి 1500 ఇస్తున్నాను, అయినా ఆ వాయింపు రావడం లేదు. మా నాన్నగారు డోలు వాయించేవారు. ఆయన మేళం ముప్పై ఏళ్లు ఒక్క మనిషి మారకుండా నడిచింది. వచ్చిన డబ్బు ఆ రాత్రే అరుగు మీద పంచేసేవారు. ఇప్పుడు అలాంటి మనుషులు లేరు. అందరి దగ్గరా స్టాంపు పేపరు రాయించుకుని, అడ్వాన్సు ఇచ్చి, ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టించుకుందామనుకుంటున్నాను. మీరేమంటారు? నమ్మకమైన మనుషుల్ని ఎక్కడ వెతకాలి?

జవాబు: స్టాంపు పేపరు సంగతి ముందే తేల్చేస్తాను బాబూ. వద్దు. ఖాళీ నోటు అసలే వద్దు. అడ్వాన్సు తీసుకున్నావు కాబట్టి మా దగ్గరే చెయ్యాలి, ఇంకోచోటికి పోకూడదు అని మనిషిని కట్టేసే పద్ధతి మీదే 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. ఆ దారిలోకి మీరు వెళ్లకండి. వెళ్లినా ఒరిగేదేమీ లేదు. పెళ్లివారు పందిట్లో ఎదురుచూస్తున్న రాత్రి మీ బీరువాలో ఉన్న కాగితం డ్రమ్స్ వాయించదు.

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపిన మాట ఒకటుంది. "అది సర్దుకుంటుంది లెండి." డ్రమ్స్ కుర్రాడి గురించి రాశారు, గిటారు అతని గురించి రాశారు, పాడే అమ్మాయి గురించి రాశారు. వాళ్లంతా పరాయివాళ్లు. ఒకే కడుపున పుట్టినవాడు జనవరి నుంచి మీతో మాట్లాడకుండా అదే ఇంట్లో తిరుగుతుంటే, దానికి మాత్రం "లెండి" అని తోసేశారు. మీ ట్రూపుకి వచ్చిన కష్టం అక్కడే మొదలైందని నా నమ్మకం.

మీరు రాసిన అంకెలతోనే లెక్క వేస్తాను. ఏడాదికి 40 ప్రోగ్రాములు. ప్యాడ్స్‌కి బయటివాడికి ఇచ్చేది 1500. అంటే ఏడాదికి 60,000. ఐదేళ్లకి 3 లక్షలు. రేటు అప్పట్లో తక్కువుండొచ్చు, కొన్ని ప్రోగ్రాములు తగ్గి ఉండొచ్చు. సగం తీసేసినా లక్షన్నర. అది మీ తమ్ముడి కష్టం. మీరు దాన్ని అన్నం లెక్కలో, బట్టల లెక్కలో కలిపేశారు. ఇంట్లో తిన్న అన్నానికి అతనేమీ పరాయివాడు కాదుగా, అది అతని తండ్రి ఇల్లు కూడా. ఆ అన్నాన్ని జీతంగా చూపించడం నాకు ఏమాత్రం నచ్చలేదు.

ఆ అన్నం ఎలా తింటున్నాడో కూడా ఒకసారి ఆలోచించండి. 29 ఏళ్ల మగపిల్లాడు. వదిన వడ్డిస్తే తింటున్నాడు. సెల్ఫోన్ రీచార్జికి అన్నని అడగాలి, స్నేహితుడి పెళ్లికి చదివింపులకి అమ్మని అడగాలి. సంబంధాలు చూసే వయసు. పిల్లనిచ్చేవాళ్లు గుమ్మంలో కూర్చుని మొదట అడిగేది "అబ్బాయి ఏం చేస్తాడండి, నెలకెంత వస్తుందండి" అనే కదా. ఆ మాటకి మీ అమ్మగారు ఏం చెబుతున్నారు? "వాళ్ల అన్నయ్య దగ్గర వాయిస్తాడండి" అంటే, వచ్చినవాళ్లు కాఫీ తాగి లేచిపోతారు. అతనికి ఇంకా పెళ్లి కాకపోవడానికి ఇదే కారణమని నేను అనను, మీరు ఆ సంగతి రాయలేదు. కానీ ఆ ప్రశ్నకి జవాబు లేకుండా ఒక మనిషి ఐదేళ్లు గడిపాడని మాత్రం నాకు అర్థమవుతోంది.

ఇది నాకు తెలిసిన బాధ. పెళ్లికి ముందు ఆరేళ్లు మా దగ్గరి బంధువుల కొట్లో లెక్కలు రాశాను. పొద్దున్నే తాళం తీసేది నేను, రాత్రి చిట్టా మూసేది నేను. ఆ ఆరేళ్లలో జీతం అన్న మాట ఎవరూ ఎత్తలేదు. పెళ్లికి గొలుసు చేయించారు, అది చూపించి అంతా తీరిపోయిందన్నారు. గొలుసు నాకు ముద్దే. అయినా ఆ పద్దు పుస్తకాల్లో అందరి పేర్లూ నా చేత్తో రాసి, నా పేరు ఎక్కడా లేకుండా వచ్చేశానన్న వెలితి ఈరోజుకీ తీరలేదు. అందుకే మీ తమ్ముడి వైపు నుంచి మాట్లాడుతున్నాను.

ఇక ఆ మైకు మాట. మీరు ఏమన్నారో రాయలేదు. రాయలేదంటేనే ఏదో పెద్ద మాటే అయ్యుంటుంది. అన్న రోజు కూడా చూడండి. కనుమ. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి ఎక్కడెక్కడివాళ్లో సొంత ఊళ్లకి దిగే రోజు. కోనసీమలో ఒక్క జగ్గన్నతోట తీర్థానికే పదకొండు ఊళ్ల ప్రభలు చేరతాయి. ఏ తీర్థానికి వెళ్లినా మనవాళ్లు, మనవాళ్ల చుట్టాలు, చదువుకున్నప్పటి స్నేహితులు అందరూ అక్కడే ఉంటారు. ఇంట్లో నాలుగు తిట్టినా తమ్ముడు పడతాడు, అన్న కదా. అంత జనంలో, అంత పెద్ద సౌండులో అంటే ఏ తమ్ముడు పడతాడు? మీ నాన్నగారు తన మేళంలో తాళం తప్పినవాడిని పందిట్లో అందరి ముందూ తిట్టడం మీరెప్పుడైనా చూశారా? చూసి ఉంటే రాసేవారు.

మిగిలినవాళ్లు దీన్ని చూడలేదనుకుంటున్నారా? డ్రమ్స్ కుర్రాడు అదే స్టేజీ మీద పక్కనే కూర్చున్నాడు. గిటారు అతను వెనకే నిలబడ్డాడు. ప్రోగ్రాం అయ్యాక అందరూ ఎవరి డబ్బులు ఎప్పుడొస్తాయా అని చూస్తుంటే, తమ్ముడు ఏమీ అడగకుండా కేబుళ్లు చుట్టడం ఐదేళ్లు చూశారు. సొంత తమ్ముడికే ఇలా అయితే రేపు మన సంగతేంటి అనే మాట వాళ్ల మధ్య వచ్చే ఉంటుంది. పైగా రెండు మూడు నెలల ఆలస్యం. ఎగ్గొట్టలేదని గర్వంగా రాశారు. పగలు రొయ్యల చెరువు దగ్గర పనిచేసి రాత్రి డ్రమ్స్ వాయించేవాడు కిరాణా కొట్లో "మా ఓనరు ఎగ్గొట్టడండీ" అని చెబితే బియ్యం ఇవ్వరు. పార్టీ బాకీ ఆపితే దాని వెంట పడాల్సింది ట్రూపు పెట్టిన మీరు. సగం ముందు తీసుకోండి, మిగతా సగం మైకు పెట్టకముందే తీసుకోండి. పెళ్లివారు మొహమాట పెడతారు, అది భరించాల్సింది మీరే, వాయించేవాళ్లు కాదు.

డ్రమ్స్ కుర్రాడు చేసింది మాత్రం తప్పే. ఒప్పుకున్న పెళ్లి వదిలి పోవడాన్ని నేను సమర్థించను. పెళ్లి మళ్లీ రేపు పెట్టుకునేది కాదు. మాఘంలో మంచి ముహూర్తం అంటే ఆ ఒక్క రాత్రే అన్ని ఊళ్లలోనూ పెళ్లిళ్లు. వాయించే మనిషి ఒక్కడు, పిలిచే ట్రూపులు నాలుగు. పైగా రాత్రి 10 తర్వాత మైకు ఆపాలని 2000 నుంచి నిబంధన ఉంది కాబట్టి, మనిషి గంట ఆలస్యమైతే ప్రోగ్రామే మిగలదు. మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది. అతన్ని మళ్లీ పిలవకండి, అంతే. దానికి నోటు రాయించుకోనక్కర్లేదు.

కువైట్ వెళ్లినతని మీద కోపం పెట్టుకోకండి. కోనసీమలో ఎన్ని ఇళ్లు ఆ గల్ఫు డబ్బు మీద నిలబడ్డాయో మీకు నేను చెప్పాలా? చెప్పి వెళ్లి ఉంటే బాగుండేది. చెబితే పాత బాకీ ఆగిపోతుందని భయపడ్డాడేమో, అతనికి ఇవ్వాల్సింది ఏమైనా ఉందేమో చూసి ఇంటికి పంపండి.

పాడే అమ్మాయి విషయంలో మీరు ఎలా ఆలోచించలేకపోయారో నాకు వింతగా ఉంది. సఖినేటిపల్లి పిల్ల. పది గంటలకి పాట ఆగినా సామాను సర్ది వ్యానెక్కించేసరికి పన్నెండు. ఆ వేళకి నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఉండదు. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. అర్ధరాత్రి ఆ ఆడపిల్లని ఎవరు దింపుతున్నారు? మీరు దింపుతుంటే ఉత్తరంలో ఆ ముక్క ఉండేది. ఆమె చెప్పేవి వంకలు కావు. ఇంట్లో తల్లో అత్తగారో వద్దంటున్నారు, ఆ మాట మీకు చెప్పలేక ఒంట్లో బాగాలేదంటోంది. ఇటువైపు ప్రోగ్రాం పెట్టుకున్న రోజు బండి ఏర్పాటు చెయ్యండి, తోడుగా వాళ్లింటి మనిషిని రానివ్వండి, వాళ్లకీ భోజనం పెట్టించండి. ఆమె ఎందుకు రాదో చూస్తాను.

ఇప్పుడు మీ తమ్ముడి దగ్గరికి వెళ్లడం గురించి. అమ్మగారిని మధ్యవర్తిగా పంపకండి. "అమ్మ ఏడుస్తోందిరా, నా కోసం కాకపోయినా అమ్మ కోసం రా" అనే మాట అసలు అనకండి. ఆ మాటకి కరిగి అతను వచ్చేస్తాడు కూడా, అదే నా భయం. వచ్చి మళ్లీ ఉత్తినే వాయిస్తాడు. మీ ఆవిడ చేత కూడా చెప్పించకండి, వదిన మాట తీసెయ్యలేక ఇరుకున పడతాడు. మీరే వెళ్లండి. ప్యాడ్స్ వాయించేవాడు లేక ఇబ్బందిగా ఉందని మొదలుపెట్టకండి. తప్పు చేశానని మొదలుపెట్టండి.

అక్కడితో అయిపోయిందని ఇంటికి రాకండి. మాట అన్నది అందరి ముందు, కాబట్టి నాలుగ్గోడల మధ్య చెప్పిన క్షమాపణ సగమే. మీ రిహార్సల్‌కి ఉన్నవాళ్లందరినీ పిలిచి, కనుమ నాడు నేనన్నది తప్పు అని వాళ్లు వినేలా చెప్పండి. చిన్నతనం అనిపిస్తుంది. అన్నగారు తమ్ముడికి క్షమాపణ ఏమిటని చుట్టాల్లో ఒకరిద్దరు అంటారు. అననివ్వండి. పెద్దవాడికి పెద్దరికం తండ్రి పోయాక దానంతట అది రాదు, ఇలాంటి చోట సంపాదించుకోవాలి.

డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వలేరని తెలుసు. సౌండ్ సెట్టు వాయిదాలుంటాయి, పిల్లల ఫీజులుంటాయి. ఇచ్చేదెంతో, ఎన్నాళ్లలో ఇస్తారో చెప్పండి. ప్రతి సీజన్ అయ్యాక కొంత అన్నా సరే, చెప్పిన రోజుకి చెయ్యి చాపకుండా అందాలి. ఇకముందు ప్రోగ్రాం అయిన రాత్రే, మిగతావాళ్ల డబ్బులతో పాటే, వాళ్లు చూస్తుండగానే అతని డబ్బూ ఇవ్వండి. ఇంట్లో ఖర్చులకి అతను కొంత ఇస్తానంటే తీసుకోండి, అది అతని గౌరవం.

అతను తిరిగి రాకపోవచ్చు. ఇంకో ట్రూపులో చేరి ఉండొచ్చు, అసలు వాయించడమే మానేసి వేరే పని చూసుకుని ఉండొచ్చు. అప్పుడు కూడా ఆ బాకీ తీర్చాల్సిందే. వస్తేనే ఇస్తాను అంటే అది మళ్లీ ఆ ఖాళీ నోటు లాంటిదే, తమ్ముడి మీద రాయించుకున్నట్టు.

ఆషాఢం వస్తోంది. ముహూర్తాలుండవు, మీకూ పని తక్కువ. శ్రావణంలో మళ్లీ ఫోన్లు మొదలయ్యేలోపు ఈ పని పూర్తి చెయ్యండి. ఒక కొత్త నోటుబుక్కు కొనండి. పాత అడ్వాన్సు రసీదులు, ఫోన్లో ఫోటోలు, పెళ్లి కార్డులు అన్నీ ముందేసుకుని అతను వాయించిన ప్రోగ్రాములు ఊరి పేరుతో, తేదీతో ఒక్కొక్కటిగా రాయండి. ఒక రాత్రిలో తెమలదు, నాలుగైదు రాత్రులు పడుతుంది. రాశాక ఆ పుస్తకం, దాంతో పాటు ఒక పెన్నూ అతని చేతికి ఇవ్వండి. మీరు మర్చిపోయినవి అతనికి గుర్తుంటాయి, అతన్నే రాయనివ్వండి.